ఆ రోజు చంద్రోదయం లేదు



2025 అక్టోబర్ 14, మంగళవారం. ఆ రోజు హైదరాబాద్‌లో చంద్రుడు ఉదయించలేదు. ఆనాడు అమావాస్య కాదు, గ్రహణమూ లేదు. మబ్బు పట్టి కనబడలేదని కూడా నేను చెప్పడం లేదు. అసలు ఉదయించనే లేదు. 13వ తేదీ రాత్రి పదకొండూ నలభై దాటాక సగం చంద్రుడు తూర్పున పొడిచాడు. మళ్లీ పొడిచింది 15వ తేదీన, అర్ధరాత్రి దాటిన ముప్పావుగంట ప్రాంతంలో. మధ్యలో ఉన్న 14వ తేదీకి చంద్రోదయం రాలేదు. ఏ పట్టిక తీసి చూసినా ఆ గడిలో అంకె ఉండదు, అడ్డంగా ఒక గీత ఉంటుంది. అచ్చుతప్పేమో అనుకుంటాం. కాదు. ప్రతి నెలా ఇలాంటి గీత ఒకటి చంద్రోదయానికి, మరొకటి చంద్రాస్తమయానికి పడి తీరుతుంది.

ఎందుకు పడుతుందో తెలిస్తే నెల మొత్తం చంద్రుడి రాకపోకలు మీ చేతికి వచ్చినట్టే. దీనికి ఫోను అక్కర్లేదు. ఈ రోజు తిథి ఏమిటో తెలిస్తే చాలు.

నక్షత్రాల మధ్య చంద్రుడు పడమటి నుంచి తూర్పుకు నడుస్తూ ఉంటాడు. రోజుకు 13 డిగ్రీల పైచిలుకు, అంటే దాదాపు ఒక నక్షత్రం మేర. అశ్విని మొదలు రేవతి దాకా ఇరవై ఏడింటినీ చుట్టి రావడానికి ఇరవై ఏడు రోజుల చిల్లర పడుతుంది. సూర్యుడూ అదే దారిన నడుస్తాడు గానీ రోజుకు ఒక్క డిగ్రీయే. చంద్రుడి నడకలోంచి సూర్యుడి నడక తీసేస్తే మిగిలేది సుమారు 12 డిగ్రీలు. ఆ పన్నెండు డిగ్రీల ఎడమే తిథి. ఎడం సున్నా అయిన క్షణం అమావాస్య ముగుస్తుంది, 12 నిండితే పాడ్యమి, 24 నిండితే విదియ. 180 నిండితే పున్నమి.

ఆకాశం మన తల మీద గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతున్నట్టు కనబడుతుంది. పన్నెండు డిగ్రీలు తిరగడానికి 48 నిమిషాలు. మన పెద్దల ఘడియ 24 నిమిషాలు. అంటే తిథికి సరిగ్గా రెండు ఘడియలు. రోజుకు అరవై ఘడియలు, నెలకు ముప్ఫై తిథులు, తిథికి రెండు ఘడియల ఆలస్యం! ఎంత శుభ్రంగా కుదిరిందో చూడండి. పంచాంగం పండుగల కోసం, ముహూర్తాల కోసం అనుకుంటాం గానీ, దాని మొదటి గడిలోనే ఒక గడియారం దాగి ఉంది.

దాన్ని వాడే పద్ధతి చెబుతాను. శుక్లపక్షంలో పొద్దుగూకిన వేళ నుంచి లెక్క మొదలుపెట్టండి. తిథి సంఖ్యను 48 నిమిషాలతో హెచ్చవేస్తే చంద్రుడు అస్తమించే వేళ వస్తుంది. విదియ నాడు గంటన్నర, పంచమి నాడు నాలుగు గంటలు, అష్టమి నాడు ఆరుగంటల పైన. బహుళపక్షంలో ఇదే లెక్క చంద్రోదయానికి పనికొస్తుంది. తదియ నాడు పొద్దుగూకిన రెండున్నర గంటలకు, చవితి నాడు మూడు గంటల పైన, అష్టమి నాడు అర్ధరాత్రికి. లెక్క అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో తర్వాత చెబుతాను, ఈ కథలో అసలు రుచి అక్కడే ఉంది.

ఈ లెక్క పెట్టుకుని మన పండుగలను ఒకసారి చూడండి. వినాయక చవితి నాడు చంద్రుణ్ణి చూడొద్దంటారు. ఎంతసేపు చూడకూడదు? రాత్రి తొమ్మిది ప్రాంతానికల్లా అస్తమిస్తాడు. ఆ తర్వాత మీరు నిశ్చింతగా టెర్రస్ మీద పడుకోవచ్చు, నిందలు వేయడానికి ఆకాశంలో ఎవరూ ఉండరు. సంకటహర చవితి ఉపవాసం వాళ్లకు ఇది తలకిందులు, రాత్రి తొమ్మిదయినా చంద్రుడు రాడు, ఆకలి ఆగదు. శ్రావణ బహుళ అష్టమి నాడు శ్రీకృష్ణుడు అర్ధరాత్రి పుట్టాడంటారు. బహుళ అష్టమి చంద్రుడు పొడిచేదీ అర్ధరాత్రికే. కథ చెప్పినవాళ్లకు ఆకాశం బాగా తెలుసు.

మన సినిమావాళ్లకు అంత తెలిసినట్టు కనబడదు. అర్ధరాత్రి పాటలో హీరోయిన్ తల మీద, నడి ఆకాశంలో సన్నటి నెలవంక వేలాడుతూ ఉంటుంది. నెలవంక ఎప్పుడూ సూర్యుడికి దగ్గరే ఉంటుంది. పొద్దుగూకాక కాసేపు పడమట, లేదా తెల్లవారక ముందు కాసేపు తూర్పున. అర్ధరాత్రి నడినెత్తిన ఉండగలిగింది నిండు చంద్రుడొక్కడే. ఆ పక్కనే ఇంకో అపోహ కూడా ఉంది, చంద్రుడు రాత్రిపూటే ఉంటాడని. శుక్ల అష్టమి చంద్రుడు మిట్టమధ్యాహ్నం ఉదయిస్తాడు. సాయంత్రం నాలుగింటికి సనత్‌నగర్ పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి బయటికొచ్చినవాళ్లు తలెత్తి చూస్తే తూర్పు ఆకాశంలో సున్నం పూసినట్టు తెల్లగా ఉంటాడు. ఎవరూ తలెత్తరు, అంతే.

ఇక గీత సంగతి. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. ఆ వ్యవధిలో సూర్యుడు ఇరవై తొమ్మిదిన్నర సార్లు ఉదయిస్తాడనుకుంటే, రోజూ వెనకబడే చంద్రుడు ఇరవై ఎనిమిదిన్నర సార్లే ఉదయిస్తాడు. ఒక ఉదయం తక్కువ. ఒక చంద్రోదయానికి, మరుసటి చంద్రోదయానికి మధ్య సగటున 24 గంటల 50 నిమిషాలు పడతాయి కాబట్టి, నెలలో ఎక్కడో ఒకచోట ఆ ఉదయం అర్ధరాత్రి గీతను దాటేసి అవతలి తేదీలో పడుతుంది. బహుళ అష్టమి దగ్గర చంద్రుడు అర్ధరాత్రికి పొడుస్తాడని చెప్పుకున్నాం కదా, దాటడం ఎప్పుడూ ఆ ప్రాంతంలోనే. అస్తమయం దాటేది శుక్ల అష్టమి దగ్గర.

ఆ తేదీకి చంద్రోదయం లేకుండా చేసింది చంద్రుడు కాదు, రోజు అర్ధరాత్రి మొదలవుతుందన్న మన ఒప్పందం. మన పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ఆ లెక్కన చూస్తే చంద్రోదయం లేని రోజు అష్టమికి రాదు, అమావాస్య దగ్గరికి జరుగుతుంది. ఎలాగంటే, అమావాస్యకు ముందు చంద్రుడు తెల్లవారక ముందు పొడుస్తాడు, అమావాస్య దాటితే తెల్లవారాక పొడుస్తాడు. ఈ రెండింటి మధ్య సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒక పూర్తి రోజు ఖాళీగా పోతుంది. ఎలాగూ చంద్రుడు కనబడని రోజు కాబట్టి ఆ ఖాళీ ఎవరి కంటా పడదు.

పాతబస్తీలో మరో లెక్క ఉంది. ఇస్లామీ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. నెల 29వ రోజు సాయంత్రం రుయత్-ఎ-హిలాల్ కమిటీ కూర్చుంటుంది. ఊళ్లోంచి, బయటి ఊళ్లనుంచి నెలవంక కనబడిందన్న సాక్ష్యాలు వస్తాయా లేదా అని చూస్తుంది. కనబడకపోతే ముప్ఫై నిండుతాయి. లెక్కల భాషలో వాళ్లు ఎదురుచూస్తున్నది ఏమిటి? నిన్నటిదాకా పొద్దు కంటే ముందు అస్తమించిన చంద్రుడు ఇవాళ పొద్దు తర్వాత, కంటికి ఆనేంత ఆలస్యంగా అస్తమిస్తాడా అని. అర్ధరాత్రి నుంచి కొలిచినా, సూర్యోదయం నుంచి కొలిచినా, సూర్యాస్తమయం నుంచి కొలిచినా చంద్రుడి బాకీ ఒక్కటే, నెలకు ఒక రోజు. మన నగరంలో ఈ మూడు కొలతలూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

ఇప్పుడు లెక్క ఎందుకు తప్పుతుందో చూద్దాం. విశ్వావసు నామ సంవత్సర ఆశ్వయుజ మాసాన్ని తీసుకుందాం, అదే 2025 సెప్టెంబర్ 22 నుంచి అక్టోబర్ 21 దాకా. ఇంత చక్కని నెల మళ్లీ మళ్లీ దొరకదు, చంద్రుడు తన విద్యలన్నీ ఒకేసారి ప్రదర్శించాడు.

చంద్రుడి దారి గుండ్రం కాదు. భూమికి దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిస్తాడు, దగ్గరికొచ్చినప్పుడు పరుగెడతాడు. సెప్టెంబర్ 26న దూరపు కొసన, సుమారు 4 లక్షల 5 వేల కిలోమీటర్ల అవతల ఉన్నాడు. ఆ రోజుల్లో సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీల ఎడం పెంచుకోవడానికి ఆయనకు 26 గంటల పైన పట్టింది. తిథి 26 గంటలు సాగితే ఏమవుతుంది? దృక్ గణితం ప్రకారం తదియ సెప్టెంబర్ 24న సూర్యోదయానికి ముందు, ఐదు కొట్టకముందే మొదలై, 25న ఏడు దాటాక ముగిసింది. రెండు సూర్యోదయాలు ఒకే తిథిలో పడ్డాయి. వరుసగా రెండు రోజులు తదియ. ఆ ఏడు దసరా నవరాత్రులకు ఒక రోజు ఎక్కువ వచ్చిందని అందరూ చెప్పుకున్నారు, కారణం ఇదే.

మన ఆడపడుచులకు బతుకమ్మతోనే ఈ చిక్కు ఎదురైంది. ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21, అమాస నాడు. తొమ్మిది రోజుల పండుగ, అష్టమి నాటి సద్దులతో ముగుస్తుంది. కానీ అష్టమి సెప్టెంబర్ 29 సాయంత్రం నాలుగున్నరకు మొదలై 30 సాయంత్రం ఆరింటికి ముగిసింది. సాయంత్రం ఆట చూసుకుంటే 29న అష్టమి ఉంది, తెల్లవారి తిథి చూసుకుంటే 30న ఉంది. 30 దాకా ఆడితే పది రోజులు. సద్దులు ఏ రోజన్న ప్రశ్నకు మూలం భూమికి నాలుగు లక్షల కిలోమీటర్ల దూరంలో నెమ్మదిగా నడుస్తున్న చంద్రుడే. వాడకట్టులో దాని గురించి వాదించుకున్నవాళ్లలో ఎవరిదీ తప్పు కాదు.

ఇంకో తమాషా చూడండి. సెప్టెంబర్ 29న హైదరాబాద్‌లో చంద్రుడు రాత్రి 11 గంటల 20 నిమిషాల ప్రాంతంలో అస్తమించాడు. తర్వాతి అస్తమయం అక్టోబర్ 1వ తేదీన, అర్ధరాత్రి పన్నెండుంపావు ప్రాంతంలో. సెప్టెంబర్ 30కి చంద్రాస్తమయమే లేదు.

పున్నమి అక్టోబర్ 7 ఉదయం తొమ్మిదింపావుకు ముగిసింది. మర్నాడు, 8న, చంద్రుడు భూమికి దగ్గరి కొసకు, సుమారు 3 లక్షల 60 వేల కిలోమీటర్లకు వచ్చాడు. ఇప్పుడు పరుగు. పన్నెండు డిగ్రీల ఎడానికి 20 గంటల 40 నిమిషాలు కూడా పట్టలేదు. బహుళ పాడ్యమి 7వ తేదీ ఉదయం తొమ్మిదింపావుకు మొదలై, 8వ తేదీ తెల్లవారుజామున ఆరు కాకముందే అయిపోయింది. అప్పటికి హైదరాబాద్‌లో ఇంకా పొద్దు పొడవలేదు. 7వ తేదీ సూర్యోదయానికి పున్నమి, 8వ తేదీ సూర్యోదయానికి విదియ. పాడ్యమికి సూర్యోదయమే దక్కలేదు. ఒకే నెలలో ఒక తదియ రెట్టింపయింది, ఒక పాడ్యమి మాయమైంది. పంచాంగ కర్తలు వృద్ధి, క్షయం అని రాసే రెండు మాటల వెనక ఉన్నది ఇదే దూరం, ఇదే దగ్గర.

అట్లతద్దికి వద్దాం. అక్టోబర్ 9, గురువారం, బహుళ తదియ. మన ఘడియల లెక్క ప్రకారం మూడు తిథులకు రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. ఆ రోజు పొద్దుగూకింది ఆరింటికి. అంటే ఎనిమిదిన్నర దగ్గర చంద్రుడు రావాలి. వచ్చింది ఏడూ నలభైకి. ముప్పావుగంట ముందే! వాయనాలు సర్దుకోకముందే చంద్రుడు వచ్చేశాడు.

దీనికి నడక వేగం ఒక్కటే కారణం కాదు. సూర్యుడు వేసవిలో ఉత్తరానికి జరిగి పెందలాడే ఉదయించి ఆలస్యంగా అస్తమిస్తాడు, చలికాలంలో దక్షిణానికి జరిగి పగటిని కుదిస్తాడు. సూర్యుడికి ఏడాది పట్టే ఈ ఊగులాటను చంద్రుడు ఒక్క నెలలో ముగిస్తాడు. అట్లతద్ది నాడు ఆయన వేసవి సూర్యుడు తిరిగే దారిలో, ఉత్తరాన ఉన్నాడు, అందుకే తొందరగా పొడిచాడు. పది రోజుల ముందు, బతుకమ్మ సద్దుల వేళ, చలికాలపు సూర్యుడి దారిలో దక్షిణాన ఉన్నాడు, అందుకే లెక్క కంటే అరగంట ముందే అస్తమించాడు. ఉత్తరాన ఉంటే తొందరగా రాక, ఆలస్యంగా పోక. దక్షిణాన ఉంటే ఆలస్యంగా రాక, తొందరగా పోక. ఇది గుర్తుంటే మీ లెక్కను మీరే దిద్దుకోవచ్చు.

పైగా 2025లో ఈ ఊగులాట మామూలు కంటే పెద్దది. పద్దెనిమిదిన్నర ఏళ్లకోసారి చంద్రుడు సూర్యుడి హద్దులు దాటి ఉత్తరానికీ దక్షిణానికీ ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీల దాకా వెళతాడు. 2024, 2025 అలాంటి సంవత్సరాలు. సనత్‌నగర్‌లో ఒక ఇంటి పైకప్పు మీద నిలబడి చూశారనుకోండి. సరిగ్గా తూర్పున బేగంపేట పాత విమానాశ్రయం మైదానం. చంద్రుడు దక్షిణపు కొసన ఉన్నప్పుడు పొడిచేది బేగంపేట రైల్వే స్టేషన్ దిక్కున. ఉత్తరపు కొసకు వెళ్లినప్పుడు బోయిన్‌పల్లి దిక్కున. రెండింటికీ మధ్య రెండు వారాలే, దిక్కు తేడా మాత్రం దాదాపు 60 డిగ్రీలు. నిన్న ఇక్కడ కనబడ్డాడు, ఇవాళ ఏడీ అని పైకప్పు మీద వెతుక్కునేవాళ్లు దిక్కు తప్పేది ఇందుకే.

పైకప్పు మాట వచ్చింది కాబట్టి, పట్టికలో ఉన్న వేళ మన కంటికి ఎందుకు కుదరదో కూడా చెప్పాలి. పట్టిక అడ్డులేని చదునైన నేలను ఊహించుకుని వేస్తారు. అమీర్‌పేటలో అలాంటి నేల ఎక్కడుంది? చెయ్యి బారచాపి పిడికిలి బిగించి ఒక కన్ను మూసి చూడండి. ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. మన అక్షాంశంలో చంద్రుడు ఆ పది డిగ్రీలు ఎక్కడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఎదురు అపార్ట్‌మెంట్ రెండు పిడికిళ్ల ఎత్తుంటే మీ ఇంటికి చంద్రుడు గంటా ఇరవై నిమిషాలు ఆలస్యం. పంజాగుట్టలో వంతెన పక్కన ఉన్నవాళ్లు ఉపవాసం విడవాలంటే పైకెక్కడమే మేలు.

ఊరికీ ఊరికీ కూడా తేడా ఉంది. మన గడియారం ప్రయాగ్‌రాజ్ (పాత అలహాబాద్) దగ్గరి 82న్నర డిగ్రీల రేఖాంశానిది. హైదరాబాద్ దానికి పడమరగా నాలుగు డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన ఆకాశం మన గడియారం కంటే 16 నిమిషాలు వెనక. విశాఖపట్నం ఆ రేఖకు కాస్త తూర్పునే ఉంది. అందుకే విశాఖలో అట్లతద్ది చంద్రుడు మనకంటే ఇరవై నిమిషాలు ముందే కనబడతాడు. కేంద్ర ప్రభుత్వం 1957 నుంచి వేస్తున్న రాష్ట్రీయ పంచాంగం, మేఘనాద్ సాహా అధ్యక్షతన పనిచేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం సిఫారసుతో వచ్చింది, అదీ ఈ రేఖాంశాన్నే కేంద్రంగా పెట్టుకుంది. తెలుగులోనూ వస్తుంది. దాన్ని చూసేవాళ్లు ఈ పదహారు నిమిషాలు మరిచిపోవద్దు. నేను చెప్పిన ఘడియల లెక్కకు ఆ బాధ లేదు, అది మీ ఊరి పొద్దుగూకుడు నుంచే మొదలవుతుంది.

చంద్రుడి వేళలను నిమిషాల్లో కాదు, సెకన్లలో కొలిచిన చోటు ఒకటి మన పక్కనే ఉంది. బేగంపేట, అమీర్‌పేట, పంజాగుట్ట కలిసే ప్రాంతంలో సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ ఉంది. దాని చిరునామాలో నేటికీ నిజామియా అబ్జర్వేటరీ ప్రాంగణం అనే రాస్తారు. రోజూ ఆ గేటు ముందు నుంచి బస్సుల్లో పోయే వేలమందిలో లోపల ఏముండేదో తెలిసినవాళ్లు తక్కువ.

1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే సంపన్నుడు, ఖగోళం మీద పిచ్చి ప్రేమతో, ఇంగ్లండ్‌లో 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని కొని ఫిసల్‌బండలోని తన స్థలంలో వేధశాల మొదలుపెట్టాడు. దానికి నిజాం పేరు పెట్టడానికి అనుమతి తెచ్చుకున్నాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది, ఆర్థిక శాఖ కింద పెట్టింది. ఆర్థర్ చాట్‌వుడ్ మొదటి డైరెక్టర్. వేధశాల బేగంపేటకు మారింది. అప్పట్లో ఇది ఊరి వెలుపల, చీకటి ఉన్న చోటు.

ఆ వేధశాల పేరు ప్రపంచానికి తెలిసింది నక్షత్రాల పట్టికతో. 1887లో పారిస్‌లో తలపెట్టిన ఆకాశ చిత్రణ పథకంలో, దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ వాటాకు వచ్చింది. ఫొటో పలకలు తీసి, ఒక్కో చుక్క స్థానాన్ని కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలను పుస్తకాలకెక్కించారు. రాబర్ట్ పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ ఆ పని నడిపించారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వెళ్లింది.

మన విషయానికి సంబంధించింది ఆ 15 అంగుళాల గొట్టం చేసిన మరో పని. చంద్రుడు ఆకాశంలో నడుస్తూ దారిలో ఉన్న నక్షత్రాలను కప్పేస్తుంటాడు. గంటకు దాదాపు తన వెడల్పంత దూరం జరుగుతాడు కాబట్టి ఈ కప్పడం తరచూ జరుగుతుంది. చంద్రుడికి గాలి పొర లేదు. అందువల్ల నక్షత్రం మసకబారుతూ మాయం కాదు, ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఆ క్షణాన్ని గడియారంతో పట్టుకుంటే ఆ క్షణంలో చంద్రుడి అంచు ఆకాశంలో ఎక్కడుందో తెలిసిపోతుంది, ఎందుకంటే నక్షత్రం స్థానం పట్టికలో ముందే ఉంది. నిజామియాలో ఈ చంద్ర ప్రచ్ఛాదనాలను నమోదు చేసేవాళ్లు. ఇలాంటి కొలతలు ప్రపంచం నలుమూలల నుంచి పోగయ్యాకే చంద్రుడి నడకకు వేసిన లెక్కల్లో తేడాలు బయటపడ్డాయి, ఆ తేడాల్లో కొంత చంద్రుడిది కాదనీ, భూమి తన చుట్టూ తాను తిరగడమే సమంగా లేదనీ తేలింది. ఇవాళ పత్రికలో మీరు చదివే చంద్రోదయ వేళ అంత కచ్చితంగా ఉందంటే అందులో అలాంటి రాత్రుల కష్టం ఉంది. నిజామియాలో సహాయకుడిగా పనిచేసిన బప్పుగారి అబ్బాయే ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. తండ్రి వెంట ఆ గోపురం కింద ఆకాశం చూస్తూ పెరిగి, 1949లో తన పేరుతో ఒక తోకచుక్కను సంపాదించుకున్నాడు.

నగరం పెరిగింది, వెలుగు పెరిగింది. ఉస్మానియా వాళ్లు 1960లలో జాపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర 48 అంగుళాల దూరదర్శిని పెట్టుకున్నారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే చూశారు. చుట్టూ వెలుగు ముసిరిన పాత గోపురానికి సన్నటి నక్షత్రాలు అందకుండా పోయాయి. చంద్రుడు మాత్రం ఇంకా అందుతాడు, ఎన్ని వీధి దీపాలు వేసినా నగరం దాచలేని ఆకాశ వస్తువుల్లో అదొకటి. అంతటి చరిత్ర ఉన్న గోపురాన్ని బాగుచేసి, వారానికో రాత్రి పిల్లలకు చంద్రుణ్ణి చూపించే ఏర్పాటు చేస్తే పెద్ద ఖర్చు కాదని నా అభిప్రాయం.

చివరగా, మన పిల్లలు చాలామంది ఉన్న అమెరికా సంగతి. తిథి మారే క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే, అది చంద్రుడికీ సూర్యుడికీ మధ్య వ్యవహారం. సూర్యోదయం మాత్రం ఏ ఊరిది ఆ ఊరికే. హైదరాబాద్‌లో సూర్యోదయం దక్కక మాయమైందని చెప్పుకున్న ఆ బహుళ పాడ్యమి, న్యూజెర్సీ గడియారంలో అక్టోబర్ 6 అర్ధరాత్రికి కాస్త ముందు మొదలై 7వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంది. అక్కడ 7వ తేదీ పొద్దు పాడ్యమిలోనే పొడిచింది. మనకు పోయిన తిథి వాళ్లకు దక్కింది. మనకు రెండు రోజులు నిలిచిన తదియ వాళ్లకు ఒక్క రోజే. అందుకని అక్కడి కూతురికి ఇక్కడి పంచాంగం ఫొటో తీసి పంపకండి. ఆ ఊరి సూర్యోదయంతో కట్టిన పంచాంగం చూసుకోమనండి. చంద్రోదయం వేళ కూడా అక్కడిదే చూడాలి. వాళ్లది 40 డిగ్రీల అక్షాంశం, అక్కడ ఉత్తరాన ఉన్న చంద్రుడు మన ఘడియల లెక్కను ముప్పావుగంటతో వదిలిపెట్టడు, గంట దాటించి మరీ ముందుకు వస్తాడు.